ధరూర్ పొలంలో సునీత పాడిన పాట

వనపర్తిలో మా డిగ్రీ చివరి సంవత్సరం మొదలైన వారానికే ఈ ప్రయాణం ఖాయమైంది. కొత్తగా చేరిన జూనియర్లకు స్వాగతం చెప్పే రోజున, తెర మీద మా సొంత పాట చూపించాలని నేనూ, సునీతా, ఇమ్రాన్ అనుకున్నాం. పాట సునీతది. పుణెలో భవనాల పనికి వెళ్లిన వాళ్లమ్మ, ఊళ్లో ఉన్నప్పుడు నాట్లు వేసేది. ఆమెను తలచుకుని రాసి, తనే పాడింది. ఇమ్రాన్ దానికి సంగీతం కలిపాడు. అయితే సునీత కెమెరా ముందుకు మాత్రం రానంది. "నా మొకం మంచిగ రాదు. స్వప్నను పెట్టండ్రి" అంది. అలా పెదవులు కదిపే పని నాకు వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఇంట్లో అందరికీ చెప్పేశాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకు గద్వాల బస్సెక్కాం. ఆధార్ చూపించి మేమిద్దరం ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుంటే, ఇమ్రాన్ ఒక్కడే గొణుక్కుంటూ డబ్బులిచ్చాడు. పెబ్బేరు దాటాక బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా కనిపించేసరికి వాడు కిటికీలోంచి ఫోన్ బయటపెట్టాడు. "నీళ్లల్ల పడ్డదంటే బస్సు ఆపను, ముందే చెప్తున్న!" అని కండక్టర్ అరిచాడు. బస్సంతా నవ్వింది. ఎనిమిదిన్నర లోపే గద్వాలలో దిగాం.

మొదటి షాట్లు మా పెదనాన్న ఇంట్లో, ఆయన మగ్గం దగ్గర. కెమెరా కోసం కాసేపు ఆగమంటే ఆయన తల కూడా ఎత్తలేదు. "నేను ఆగ బిడ్డా. అంచు పట్టు తప్పుతది. మీరే నా సుట్టు తిరుగుండ్రి" అన్నాడు. మేం తిరిగాం. పైనుంచి, పక్కనుంచి, దారాల సందుల్లోంచి ఆయన చేతులను తీశాం. పెద్దమ్మ నాకు తన ఎర్రంచు చీర కట్టి, మరమరాల ఉగ్గాని తినిపించి పంపింది.

పాత బస్టాండు దగ్గర ధరూర్ వైపు షేర్ ఆటో దొరికింది, మనిషికి ముప్పై. ఆటో నిండితేనే కదులుతుంది కాబట్టి అరగంట కూర్చున్నాం. ఎక్కడికని డ్రైవర్ అడిగితే విషయం చెప్పాం. "నాట్లు తియ్యాల్నా? మా చిన్నమ్మోళ్లు గాడనే ఏస్తున్నరు, దింపుత పాండ్రి" అని, రోడ్డు పక్కనే ఉన్న ఒక మడి దగ్గర దింపాడు. పన్నెండు మంది ఆడవాళ్లు వంగి నాటు వేస్తున్నారు. తీసుకోమని నవ్వుతూ ఒప్పుకున్నారు.

సునీత గట్టు మీద స్పీకర్ పట్టుకుని నిలబడింది. నేను మడిలో దిగి, చీర తడవకుండా పైకి పట్టుకుని పెదవులు కదిపాను. రెండో చరణంలో ఉండగా వరసలో ముందున్న పెద్దావిడ నడుం ఎత్తి నిలబడింది. ఆటో డ్రైవర్ చిన్నమ్మ ఆమే.

"గా డబ్బాల పాడుతున్నది ఎవరు బిడ్డా?"

సునీతను చూపించాను.

"మరి ఆమెను గట్టు మీద నిలవెట్టి నువ్వు మూతి ఆడిస్తున్నవేంది?"

మడంతా నవ్వులు. నా ముఖం మండిపోయింది. సునీత మెల్లగా, "నా మొకం కెమెరాల మంచిగ రాదమ్మా" అంది.

"నా మొకం వస్తదా? మరి నన్ను తీస్తలేరా? దిగు, దిగు. నాటెయ్యొస్తదా?"

"వస్తది."

సునీత స్పీకర్ ఆపి నా చేతిలో పెట్టింది. పైజామా మోకాళ్ల దాకా మడిచి మడిలోకి దిగింది. నారు కట్ట అందుకుని, ఆమె పక్కనే వరసలో వంగి పాట ఎత్తుకుంది. సంగీతం లేదు, నీళ్ల చప్పుడొక్కటే. మేం రికార్డు చేసినదానికంటే నెమ్మదిగా, చేతుల కదలికకు తగ్గట్టు పాడింది. రెండోసారి పల్లవి వచ్చేసరికి ఆడవాళ్లు చివరి మాట అందుకున్నారు. ఇమ్రాన్ చెప్పులు వదిలేసి గట్టు వెంట వెనక్కి వెనక్కి నడుస్తూ తీశాడు. పాట అవ్వగానే వాడు, "వచ్చింది! మొత్తం వచ్చింది!" అని గంతులేశాడు.

మర్నాడు వనపర్తి నుంచి తొమ్మిదింటి బస్సుకు నాగర్‌కర్నూల్ వెళ్లాం, గంటకు పైనే పట్టింది. అక్కడ ఇమ్రాన్ వాళ్లన్న సలీం భాయ్‌కి పెళ్లి వీడియోల స్టూడియో ఉంది. ఆయన నేను పెదవులు కదిపినదీ, సునీత మడిలో పాడినదీ పక్కపక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది ఉరుకుతుంది, గది మెల్లగ నడుస్తుంది. రెండూ కలవయ్. ఏదో ఒకటి ఉంచుకోండ్రి."

తెర మీద నేను బాగున్నాను. ఎర్రంచు చీర, వెనుక ఆకుపచ్చ మడి. ఇంట్లో చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ఇమ్రాన్ నావైపు చూడకుండా మౌస్ తిప్పుతున్నాడు. "నావి తీసెయ్ భాయ్" అన్నాను.

"పిచ్చిదానివా?" అంది సునీత. "నిన్న గంత సేపు ఎండల నిలబడ్డవ్."

"మడికాడ ఆమె దిగమంటే దిగినవ్ గదా. ఇప్పుడు నేను చెప్తున్న, వీడియోల నువ్వే ఉండు."

నావి పోయాక మధ్యలో ఖాళీలు మిగిలాయి. పెదనాన్న షాట్లు తెచ్చి పెట్టాను. మగ్గం చప్పుడును కాస్త అటూ ఇటూ జరిపి చూస్తే, అది సునీత పాట నడకకు సరిగ్గా కూర్చుంది. నారు మట్టిలో దిగుతుంటే మగ్గం దెబ్బ పడుతోంది! నలుగురం ఒకేసారి అరిచాం. పక్క కొట్టతను ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రం అయిదుకి పని పూర్తయింది. సునీత వెంటనే అమ్మకు పంపింది. పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. "నాటు వంకర పోయింది గదనే!" అందావిడ. "జర ఆగు, మళ్ల చూస్త."

తెర మీద కనిపించాలని బయలుదేరాను. మూడు నిమిషాల వీడియోలో నేను ఒక్క క్షణం కూడా లేను. ఆ రాత్రి కొంచెం బాధేసింది, దాచను. కానీ స్వాగతం రోజున హాలంతా పల్లవి చివరి మాట అందుకుంటే, ఎక్కడ కోసి ఎక్కడ అతికానో తెలిసిన నాకు ఒళ్లు పులకరించింది. నేను చేసిన అన్ని పనుల్లోనూ నాకు బాగా నచ్చింది ఆ తీసేయడమే.

మీరూ నాట్లప్పుడు చిత్రీకరణకు వెళ్తే, పదకొండులోపే మడి దగ్గర ఉండండి. మధ్యాహ్నం వాళ్లు సద్దులు విప్పాక కెమెరా సంచిలో పెట్టేసి, పిలిస్తే పక్కన కూర్చుని తినండి.