ఫిలొమీనా వాళ్ల కలువదుంపల ఆట

డల్సీ నోట్లో నువ్వుగింజ నానదు. ముప్పై ఏళ్లుగా ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతూ, మడతలు పెడుతూ తమ ఆదివాసీ ఊళ్లో అందరి సంగతులూ చెబుతూనే ఉంది. చివరికి ఆ నోరే కొంప ముంచింది. నాలుగేళ్ల కిందట సంక్షేమాధికారులు వచ్చి, "ఫిలొమీనా మనవరాళ్లు బాగున్నారా?" అని తియ్యగా అడిగితే, "పాపం, ఒక్కోసారి ఒంటరిగా ఉంటారు" అనేసింది. అంతే, పిల్లలిద్దర్నీ పట్టుకుపోయారు. వాళ్లు తిరిగి ఇల్లు చేరేసరికి పదకొండు నెలలైంది. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకున్న ఫిలొమీనా ఆనాటి నుంచి డల్సీ మొహం చూడలేదు.

ఈ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక తర్నీ వచ్చింది. ఆ ఊరి పిల్లే. నగరంలో నాట్యం నేర్చుకుని, ఊరి ఆడవాళ్ల స్నేహాలనీ కష్టాలనీ నాట్యరూపంలో సినిమా తీస్తోంది. "మాటలొద్దు ఆంటీ. మీ స్నేహితురాల్ని తలుచుకోండి, ఒళ్లు ఎటు పోతే అటు కదలండి" అంది.

డల్సీ కళ్లు మూసుకుంది. కాళ్లు వాటంతటవే కలువదుంపల ఆట అందుకున్నాయి. మడుగు బురదలో కాలివేళ్లతో దుంపలు వెతకడాన్ని చూపే నాట్యం అది. ఫిలొమీనా తల్లి వంశానిది. చిన్నప్పుడు పక్కన నిలబడి ఆడినంత మాత్రాన తనదైపోతుందా? వాళ్లని అడక్కుండా ఆడకూడదని అక్కడ చంటిపిల్లలకీ తెలుసు.

కళ్లు తెరిచాక ఏం ఆడిందో తెలిసి డల్సీ హడలిపోయింది. తర్నీ కూడా గతుక్కుమంది. "ఫిలొమీనా ఆంటీ సరేనంటేనే ఉంచుతాను. లేదంటే చెరిపేస్తాను."

"ఆడింది నేను. అడగాల్సిందీ నేనే" అని డల్సీ ఫోన్లో ఆ వీడియో ముక్క వేయించుకుని బయల్దేరింది.

ఫిలొమీనా పెరట్లో నిప్పుల మీద కంగారూ తోక కాలుస్తోంది. "ఏం, దారి తప్పావా?" అంది తలెత్తకుండానే. "తర్నీ సినిమాకి ఆడాను" అని డల్సీ ఫోన్ చేతికిచ్చింది. ఆవిడ రెండుసార్లు చూసింది.

"ఎవర్నడిగి ఆడావే?"

"ఎవర్నీ అడగలేదు."

"తీసెయ్యమను."

"సరే." పని అయిపోయింది, వెళ్లిపోవచ్చు. కానీ డల్సీ కాళ్లు కదల్లేదు. "ఫీలీ, ఆ రోజు వాళ్లొచ్చినప్పుడు కూడా నిన్నడక్కుండానే వాగాను. నీకూ పిల్లలకీ అన్యాయం చేశాను. తప్పంతా నాదే."

ఫిలొమీనా తోకని నిప్పుల మీద ఇటు నుంచి అటు తిప్పింది. "ఈ ముక్క అనడానికి నాలుగేళ్లా, దరిద్రపుదానా? పిల్లల బట్టలు వాసన చూసుకుంటూ పడుకున్నానే నేను! అప్పుడు రావాల్సింది."

డల్సీ భోరున ఏడ్చింది. ఒక్క సాకూ చెప్పలేదు. ఫిలొమీనా ఓదార్చలేదు. ఆ ఏడుపు కాస్త సద్దుమణిగాక చెప్పులు అవతల విడిచి లేచింది.

"మడమలు నేలకేసి కొడుతున్నావు. దుంపలు చితికిపోవూ? మా అమ్మ ఉంటే కర్ర తీసేది. వేళ్లతో తడమాలి, ఇదిగో ఇలా. ఆ పిల్లని కెమెరాతో ఇక్కడికే రమ్మను. ముందు నేను ఆడతాను, నువ్వు నా వెనక."

డల్సీ కళ్లు తుడుచుకుని వెనక్కి వెళ్లి నిలబడింది.

"నిన్ను క్షమించేశాననుకోకు" అంది ఫిలొమీనా వెనక్కి తిరగకుండానే. "అది ఇంకా అవలేదు."

"తెలుసు" అంది డల్సీ, మడమలు పైకెత్తి ఆవిడ వెనకే అడుగు వేస్తూ.