పైగాలి పోయిన దిక్కు

ధర్మసాగర్‌లో పద్మలతను రేడియోలు, టీవీలు బాగుచేసే వెంకటయ్య కూతురనే ఇప్పటికీ గుర్తుపడతారు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, అంటార్కిటికాలోని ఒక పరిశోధన కేంద్రంలో రాడార్ చూసుకునే పనికి వెళ్లింది. ఒక చలికాలమంతా అక్కడే ఉంది.

ఆ రాడార్ చూసేది మబ్బులను కాదు. ఎంతో ఎత్తున ఉల్కలు కాలిపోతూ గీసే చారలను. చార ఎటు కొట్టుకుపోతే అక్కడి గాలి అటు వీస్తున్నట్టు. సముద్రానికి ఉన్నట్టే ఆ గాలికీ ఆటుపోట్లున్నాయి. ఎండ తగిలిన చోట గాలి వేడెక్కి పుట్టే అల అది. దాంతో పైగాలి రోజుకు రెండుసార్లు దిక్కులన్నీ చుట్టి వస్తుంది. కేంద్రంలో వారాల తరబడి పొద్దు పొడవలేదు. అయినా ఆ అల చీకట్లోనూ వేళకు వచ్చేది.

మొదట పద్మలతకు అది ముచ్చటగా ఉండేది. పోనుపోను రాడార్ తెర చూడకుండానే గాలి మళ్లిన సంగతి తెలిసిపోయేది. అన్నం తింటూ ఆ గాలి పోయే పక్కకు ఒరిగేది.

ఒక మధ్యాహ్నం యాంటెనా మీది మంచు దులపడానికి, కేంద్రం డాక్టరు భానుచందర్‌తో కలిసి బయటికి వెళ్లింది. అతనిది హన్మకొండ. బయటంతా చీకటి. జెండా కర్రకు అతుక్కుని వేలాడుతోంది. దారి తప్పకుండా కట్టిన తాడు పట్టుకుని ఇద్దరూ నడిచారు. యాంటెనా దగ్గర భానుచందర్ వెనక్కి తిరిగితే ఆమె లేదు. టార్చి వేశాడు. గడ్డకట్టిన సముద్రం వైపు అడుగులు కనిపించాయి.

పరుగెత్తి భుజం పట్టుకున్నాడు.

"ఏడికి పోతానవక్కా?"

"నేను పోతలేను. గాలి నెడుతాంది."

"గాలేడున్నది? జెండ సూడు."

చూసింది. అయినా ఎవరో వీపు మీద తోస్తుంటే ఆపుకున్నట్టు, మడమలు మంచులో దిగేసి వెనక్కి వాలింది.

లోపలికొచ్చి తెర చూస్తే, పైన గాలి తుపానులా సముద్రం వైపే వీస్తోంది. అంత ఎత్తులో గాలి కింది మనిషికి తగలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సాయంత్రానికి తెర మీద గాలి దిక్కు చూపే బాణం మెల్లగా మళ్లింది. తెరకు వీపు పెట్టి కూర్చున్న పద్మలత కూడా కుర్చీతో సహా అంతే మళ్లింది. భానుచందర్ తెర ఆపేశాడు. ఆమె ఆగలేదు.

పొద్దు మళ్లీ కనిపించేదాకా ఆమెను ఒంటరిగా బయటికి పోనివ్వలేదు. తర్వాత ఓడ వచ్చింది, పద్మలత ఇల్లు చేరింది.

ఇప్పుడు వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తోంది. ఒంట్లో ఏ జబ్బూ లేదు. డాబా మాత్రం ఎక్కదు. మొన్న ఎండాకాలం ఓ సాయంత్రం కరెంటు పోతే తల్లి బక్కమ్మ పైనుంచి పిలిచింది.

"ఉక్కపోస్తాంది, మీదికి రా బిడ్డా. జరంత గాలన్న తగుల్తది."

"నాకు తగుల్తనే ఉన్నదమ్మా," అంది పద్మలత, మంచం కోడు గట్టిగా పట్టుకుని.