తలకిందుల బూట్లు

మా సినిమా బడి క్లాసులో ఒక నియమం ఉంది. సినిమా తీసినవాళ్ళు వెనక గోడ దగ్గర పీట మీద కూర్చుని నోరు మూసుకోవాలి. మిగతావాళ్ళు తెర మీద ఏం చూశారో ఒక్కొక్కరే చెప్పాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా తీసినవాళ్ళు దగ్గినా హెర్విగ్ మాస్టారికి కోపం. రెండేళ్ళు ఆ పీట మీద కూర్చున్నాను నేను. నా ట్రామ్ సినిమా చూసి "చాలా తడిగా ఉంది" అన్నారు. నా వాన సినిమా చూసి "ఇంకాస్త తడి ఉండాల్సింది" అన్నారు. పళ్ళు నూరుకుంటూ విన్నాను. మూడు నిమిషాల బొమ్మ తీసి, దాని గురించి మూడు గంటలు మాట్లాడే ఈ గెంట్ నగరం మనుషుల మధ్య నాకేం పని అని రోజూ అనుకునేదాన్ని.

మూడో ఏడు మాత్రం నాకు నచ్చిన పని ఒకటి చేశాను. మా జుల్మా అత్త చేతుల్ని తీశాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. ఓస్టెండ్ అనే సముద్రపు ఊళ్ళో, రేవు వెనక వీధిలో ఉంటుంది. తొమ్మిదో ఏట నుంచి బూడిద రంగు చిన్న రొయ్యలు ఒలుస్తోంది. బళ్ళో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళట. డాన్సుకు వెళ్ళేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకునేదట, ఉప్పుకు పగిలిన వేళ్ళు ఎవరికీ తగలకుండా. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "వాసన పడనివాడు నాకెందుకు, వాసన పట్టనివాడు అసలెందుకు" అంటుంది. రెండు వేళ్ళతో పట్టి, ఒక్క మెలి తిప్పి లాగితే పెంకు అటు, మాంసం ఇటు. చూస్తుంటే మన కళ్ళు వెనకబడతాయి. నేను రోజంతా ఒలిచినా ఒక రొట్టెముక్క మీదకు సరిపడా రావు.

బడి కెమెరాకు పాత గడియారానికి తిప్పినట్టు తాళంచెవి తిప్పితే ఇరవై ఎనిమిది సెకన్లు నడుస్తుంది. తర్వాత మళ్ళీ తిప్పాలి. రీలు మొత్తానికి ఆరుసార్లు తిప్పాను.

"అప్పుడే ఆగిపోయిందా? నీ పెట్టె ఊపిరి మీ నాన్న ఊపిరికంటే పొట్టిగా ఉందే" అంది అత్త.

"నువ్వు మాట్లాడకు అత్తా, ఒలువు."

"నోటితో ఒలుస్తున్నానా ఏమిటి? వెలుతురికి అడ్డం లే ముందు."

కెమెరా నడుస్తుండగానే తలెత్తి తిట్టింది. ఆ తిట్టు కూడా రీలు మీద పడింది.

తీసిన రీలని తెలిసేలా డబ్బా చుట్టూ ఎర్ర టేపు చుట్టి, రసాయనాల్లో కడిగేదాకా లాబ్ ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆరోజు టేపు అయిపోయింది. పెన్సిల్‌తో మూత మీద "తీసినది, లీన్" అని రాసి పెట్టాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఫ్రిజ్ చెమ్మకు ఆ రాత చెరిగిపోయింది. పది రోజుల తర్వాత చూస్తే డబ్బా లేదు.

అదే వారం అత్తకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచెయ్యి మాత్రం ఇక రాదన్నారు. అంటే ఆ చేతుల పని ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క రీలు మీదే. పిచ్చిదానిలా వెతికాను. లాబ్‌లో ప్రతివాణ్ణీ అడిగాను. వానెస్ అనే మా క్లాసువాడు నాతోపాటు వంగి ఫ్రిజ్ అడుగు అరలో కూడా చేతులు పెట్టి వెతికాడు.

"పాపం లీన్, ఎవరు తీసుంటారబ్బా?" అన్నాడు. వాడి గొంతులో ఆ "పాపం" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మే నెలలో వానెస్ సినిమా వేశారు. పేరు "శూన్యం వైపు అడుగులు". తెర మీద వాడి బూట్లు. ఇసుకలో నడుస్తాయి, ఆగుతాయి, నడుస్తాయి. ఆ బూట్ల మీదుగా పలుచగా ఇంకో బొమ్మ, తలకిందులుగా. రెండు చేతులు. రొయ్యలు. గిన్నెలోంచి మాంసం ఎగిరి వేళ్ళ మధ్యకు వస్తోంది, పెంకు ఎగిరి వచ్చి దాన్ని కప్పుతోంది, నిండు రొయ్య కుప్పలోకి పోతోంది.

అవి అత్త చేతులు. మా దగ్గర పాత రీళ్ళకు రెండు అంచులా చిల్లులుంటాయి. తీసిన రీలును తెలియక మళ్ళీ కెమెరాలో పెడితే చివర నుంచి మొదటికి నడుస్తుంది. మొదట తీసిన బొమ్మ తలకిందులై, వెనక్కి పోతుంది. వీడు నా డబ్బా ఖాళీ రీలనుకుని వాడాడు. అంతవరకు పొరపాటు. కడిగాక చూశాడు కదా. చూసి, నాతోపాటు ఫ్రిజ్‌లో వెతికాడు.

లైట్లు వేశారు. వానెస్ వెనక పీట మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"కాలం తన తొడుగు తానే తిరిగి వేసుకుంటోంది" అంది ఒకమ్మాయి.

"ఆ చేతులు ఎవరివీ కావు. అదే దీని బలం" అన్నాడు హెర్విగ్. మూడేళ్ళలో ఆయన ముఖం అంత వెలగడం నేను చూడలేదు.

నేను చెయ్యెత్తాను. వానెస్ నావైపు చూసి పీట మీద కదిలాడు.

"నేను చూసింది చెప్తాను," అన్నాను. "బల్ల మీద పచ్చ గళ్ళ గుడ్డ. దాని మూల కెటిల్ పెట్టి కాల్చిన మచ్చ. కుడి చూపుడువేలికి గుడ్డపీలిక, ఎందుకంటే ఆరోజు గోరు చీలింది. ఎడమచేతికి ఉంగరం, అది ముప్ఫై ఏళ్ళుగా వేలు దాటి రాదు. నాలుగోసారి బొమ్మ మొదలైనప్పుడు బూట్ల వెనక ఒక్క క్షణం ఆవిడ ముఖం కనిపిస్తుంది, తలెత్తి ఒక మాట అంటుంది. పెదాల్ని వెనక్కి చదవండి. వెలుతురికి అడ్డం లే, అంటుంది."

"ఇవన్నీ నీకెలా కనిపించాయి?" అన్నాడు హెర్విగ్.

"ఆ వెలుతురికి అడ్డంగా నిలబడింది నేనే."

 వానెస్ లేచాడు. "అది కాదు, అసలేం జరిగిందంటే..."

"వానెస్," అన్నాడు హెర్విగ్, అలవాటుగా, వాడివైపు చూడకుండానే. "తీసినవాళ్ళు మాట్లాడకూడదు."

వాడు కూర్చున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఇంకో పది నిమిషాలు మాట్లాడాను. తొడుగుల సంగతి చెప్పాను, పక్షవాతం సంగతి చెప్పాను, ఫ్రిజ్ దగ్గర వంగిన వీపు సంగతీ చెప్పాను. మాట్లాడడానికి నాకు హక్కుంది, ఎందుకంటే వాడి లెక్క ప్రకారం ఆ సినిమా నాది కాదు. తీసినవాణ్ణి నేనేనన్నాడు గనక వాడికి నోరు లేదు. వాడి చెవులు ఎర్రగా కందిపోవడం చూస్తుంటే నాకు హాయిగా అనిపించింది. దాచడమెందుకు.

చివరికి హెర్విగ్ గొంతు సవరించుకుని, "అయితే ఇది ఇద్దరి సినిమా" అన్నాడు. ఎంత సులువుగా తేల్చేశాడో. నేను లేచాను. ప్రొజెక్టర్ దగ్గరకెళ్ళి రీలు ఊడదీసి సంచిలో వేసుకున్నాను.

వానెస్ మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "అందులో సగం నాది కూడా లీన్. నా పరీక్ష అది."

"ఒలుచుకో. నీ సగం నువ్వు ఒలుచుకుని తీసుకుపో."

 ఒకదాంట్లోంచి ఇంకొకటి విడదీయడం ఎవరి వల్లా కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఏడు వాడు పాసయ్యాడు. నేనూ పాసయ్యాను. అప్పటి నుంచి వాడితో మాట్లాడలేదు, మాట్లాడను కూడా.

ఆదివారం ఓస్టెండ్ వెళ్ళాను. అత్త కుర్చీలో కూర్చుంది, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. కర్టెన్లు మూసి, బడి నుంచి తెచ్చిన ప్రొజెక్టర్‌కు రీలును రెండో చివర నుంచి ఎక్కించి, వంటింటి తెల్ల బీరువా తలుపు మీద వేశాను. ఈసారి అత్త నిలువుగా, సరిగ్గా కనిపించింది. పెంకు అటు, మాంసం ఇటు. ఆమె నెత్తి మీద బూట్లు తలకిందులుగా వెనక్కి నడుస్తున్నాయి.

"ఎవడే వాడు? నా ఇంటికప్పు మీద నడుస్తున్నాడు?"

"క్లాసులో ఒకడు."

"ఇంట్లోకొచ్చేముందు బూట్లు విప్పాలని వాళ్ళమ్మ చెప్పలేదా?"

 ఎడమచేతి వేలితో కుర్చీ చెయ్యి మీద కొడుతూ రొయ్యల్ని లెక్కపెట్టింది. మొదటి ఇరవై ఎనిమిది సెకన్లు అయ్యాయి.

"పదహారు," అంది. "పదిహేడు ఉండాలి. ఒకటి వాడి మడమ కింద పోయింది. మళ్ళీ పెట్టు. ఈసారి పట్టుకుంటాను."

మళ్ళీ పెట్టాను. అత్త ముందుకు వంగి కళ్ళు చికిలించింది. బొమ్మలో అత్త పదకొండోది ఒలిచింది, పన్నెండోది అందుకుంది, సరిగ్గా అక్కడే వాడు మళ్ళీ వచ్చాడు.