మస్తాన్ సార్ అర్ధగంట

ఈ ఉదయం ఒక పెద్దామె స్కానింగ్ గదిలోకి అడుగుపెట్టగానే నీలగిరి తైలం వాసన గుప్పుమంది. మోకాలికి దట్టంగా పట్టించి, పైన పాత చీర ముక్క చుట్టుకుని వచ్చింది. ఏసీ చలిలో ఆ వాసన ఇంకా ఘాటుగా తగిలింది. బయట ఇంకో నలుగురు ఎదురుచూస్తున్నారు. ఆమెను గబగబా బల్ల ఎక్కించబోయి ఆగిపోయాను. "ఎట్లొచ్చినావమ్మా?" అని అడిగాను. నా నోటికి ఆ ప్రశ్న అలవాటు చేసింది మస్తాన్ సార్. ఆయన మోకాలి దగ్గర కూడా ఎప్పుడూ ఇదే వాసన.

కడపలోని మా స్కానింగ్ సెంటర్‌లో ఆయన సీనియర్ టెక్నీషియన్. నేను కోర్సు ముగించుకుని, ఎర్రగుంట్ల పక్క పల్లె నుంచి వచ్చి ఆయన దగ్గర చేరాను. నాకు చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదు. అన్నం కూడా తిరుగుతూ తింటానని మా అమ్మ తిట్టేది. చేరిన మొదటిరోజే సార్ నన్ను కాసేపు చూసి, "ఏమ్మా సుజాతా, నీ కాళ్ల కింద నిప్పులేమన్నా ఉండాయా?" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆయన మాత్రం కుడికాలు కాస్త ఈడుస్తూ, ఏ తొందరా లేకుండా గది తుడిపించే పనిలో పడ్డారు.

అప్పట్లో ఒక కీళ్ల డాక్టరు గారు మోకాళ్ల అరుగుదల మీద పరిశోధన మొదలుపెట్టారు. మామూలు ఎమ్మారై బొమ్మ చూపిస్తుంది. ఆయన పద్ధతిలో అదే మిషన్ ఎముకల మధ్య ఉండే మెత్తటి పొరలో నీరు ఎలా ఉందో కొలిచి అంకె చెబుతుంది. పొర వదులవుతున్న కొద్దీ అంకె పెరుగుతుంది. అరిగినట్టు బొమ్మలో కనపడక ముందే అంకె పట్టిస్తుంది. అదే మోకాలిని ఏడాదికోసారి కొలిచి పోల్చాలి. చిక్కల్లా ఏమిటంటే, నడిచి వచ్చిన మనిషిని వెంటనే కొలిస్తే అంకె తగ్గి, మోకాలు బాగుపడినట్టు కనిపిస్తుంది. "తడిగుడ్డ మీద నిలబడితే నీళ్లు పక్కకు పోతాయి గదా, అట్ల. కాలు తీస్తే మళ్లీ చేరుకుంటాయి. దానికి టైమియ్యల్ల" అని సార్ చెప్పారు. అందుకని ఎవరొచ్చినా ముందు అర్ధగంట బెంచీ మీద కూర్చోవాలి. అక్కడి నుంచి బల్ల దాకా చక్రాల కుర్చీలో తీసుకుపోవాలి.

ఆ అర్ధగంట నాకు నరకంగా ఉండేది. "ఊరికే కూర్చుని ఏం చేయాలి సార్?" అని ఒకసారి విసుక్కున్నాను. "ఏం చేయొద్దు. పక్కన కూచో. యాడి నుంచి వచ్చినారు, ఎట్లొచ్చినారు, అడుగు" అన్నారు. రిజిస్టర్‌లో దానికొక గడి, విశ్రాంతికి ఇంకొక గడి స్కేలు పెట్టి గీశారు.

సోమవారం మొదటి పేషెంటు కన్నా ముందు ఆయనే మిషన్‌లో పడుకునేవారు. మిషన్ నిరుడు కొలిచినట్టే ఇప్పుడూ కొలుస్తోందా అని చూడడానికి ఒక జెల్ సీసా ఉంది. సీసా అయ్యాక సార్ తన కుడి మోకాలు పెట్టేవారు. "సీసా నడవదు గదమ్మా. నడిచేదాన్ని గూడా పెట్టి చూడల్ల" అనేవారు. దానికీ ముందు అర్ధగంట బెంచీ తప్పదు.

ఓబులమ్మ నాపరాళ్లు మోసే కూలీ. మొదటి ఏడాది అంకె చూసి బరువులు మోయొద్దని డాక్టరు గారు చెప్పారు. పని మానుకుంది. రెండో ఏడాది ఆమె వచ్చింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. సార్ నమాజుకు వెళ్లారు. హాలు నిండా జనం. రైల్వే స్టేషన్ నుంచి ఎండలో నడిచి వచ్చిన మనిషిని తిన్నగా బల్ల ఎక్కించాను. విశ్రాంతి గడిలో అర్ధగంట అని రాసేశాను. అంకె నిరుటి కన్నా తగ్గి వచ్చింది. డాక్టరు గారు చూసి, మోకాలు మెరుగైందన్నారు.

"అయితే రాళ్లు మోయొచ్చా సారూ?" అని అడిగింది ఓబులమ్మ.

కొద్దికొద్దిగా మోయొచ్చన్నారాయన. స్కానింగ్ కోసం తీసిన మెట్టెలు ఆమె తిరిగి పెట్టుకుంటూ నవ్విన నవ్వు నాకు బాగా గుర్తు. నేను కూడా నవ్వాను.

సార్ తిరిగొచ్చి రిజిస్టర్ చూశారు. "ఎంతసేపు కూచోబెట్టినావు?" అన్నారు. "అర్ధగంట సార్" అన్నాను. ఆయన తగ్గిన అంకె మీద వేలు పెట్టి చూసి, రిజిస్టర్ మూశారు. శని, ఆదివారాలు నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ తీసి, భయపడి పక్కన పెట్టాను.

సోమవారం సార్ బెంచీ మీద కూర్చోలేదు. రెండో అంతస్తు మెట్లు ఎక్కి దిగారు, ఎక్కి దిగారు. పళ్లు బిగబట్టి రెయిలింగ్ పట్టుకుని దిగడం కింద నిలబడి చూశాను. నేరుగా వచ్చి బల్ల మీద పడుకున్నారు. అంకె ఎన్నడూ లేనంత తక్కువ వచ్చింది.

"రాసుకో. నాది గూడా బాగైంది" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నారు. "నాకు చెప్తే ఏం లాభమమ్మా? మోసేది ఆమె" అన్నారు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి నాపరాళ్ల గనికి వెళ్లాను. ఓబులమ్మ తలమీద చుట్టకుదురు, దాని మీద రాయి. రాయి దించేదాకా ఆగి, తప్పు నాదని చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చుట్టకుదురు విప్పి ముఖం తుడుచుకుంది.

"మళ్లీ కూచోబెట్టి తీస్తే?"

"పెరగొచ్చమ్మా."

"శనివారం, ఈ పొద్దు, రెండు దినాలు మోసినా. అది గూడా రాసుకోండి మీ పుస్తకంలో" అంది.

బుధవారం వచ్చి బెంచీ మీద అర్ధగంట కదలకుండా కూర్చుంది. అంకె నిరుటి కన్నా పెరిగింది. ఈసారి మెట్టెలు చేతిలో పట్టుకునే వెళ్లిపోయింది. సార్ రిజిస్టర్, పెన్ను నా ముందు పెట్టారు. ఓబులమ్మ పేరు పక్కన రాశాను: "రెండు రోజులు రాళ్లు మోసింది. నేను కూర్చోబెట్టలేదు."

సార్ రిటైరైన రోజున పాత సోమవారాలన్నీ తిరగేశాను. సీసా అంకె ఏ పేజీలోనూ మారలేదు. సార్ మోకాలి అంకె ఏడాదికేడాది పైకి పోతూనే ఉంది. మసీదులో ఆయన కుర్చీలో కూర్చుని నమాజు చేయడం మొదలుపెట్టినప్పుడు నేను ఎందుకని అడగను కూడా లేదు.

"మీకు తెలుసా సార్?"

"కొలిచేటోడికి తెల్దా? మిషన్ సరిగ్గా ఉండాదని గూడా తెల్సింది గదమ్మా" అన్నారు. ఆయన చనిపోయి ఏడాదైంది. సోమవారాలు ఇప్పుడు నా మోకాలు పెడుతున్నాను.

ఈ ఉదయం పెద్దామె, "బస్టాండు కాన్నుంచి నడ్సుకుంటా వచ్చినా పాపా. బిన్నా తీసి పంపీ, ఒంటిగంట బస్సుకు పోవల్ల" అంది. కూర్చోమన్నాను. రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని పక్కనే నేనూ కూర్చున్నాను. గోడ గడియారం కదలనట్టే ఉంది. బయట ఎవరో తలుపు కొడుతున్నారు. నా మడమ నేలకేసి కొట్టుకుంటూనే ఉంది. ఇన్నేళ్లయినా ఆ జబ్బు పోలేదు. లేవబుద్ధి పుట్టినప్పుడల్లా ఓబులమ్మ పేజీ తీస్తాను. రెండు రోజులు అని నా చేత్తోనే రాసి ఉంది. మళ్లీ కూర్చుంటాను.