లోయలో డబ్బా కోసం

ఎవరో చిన్న డబ్బా దాచి, ఆ చోటు ఫోన్‌లో గుర్తుపెడతారంట. మిగతావాళ్ళు వెతికి, లోపలున్న పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి, మళ్ళీ అక్కడే పెట్టెయ్యాలంట. దాన్ని జియోకాష్ అంటారని మా అల్లుడు చెప్పాడు. మాచర్ల దగ్గర లోయలో ఒకటుందని పోయిన వేసవిలో నన్ను బయల్దేరదీశాడు. అల్లుడితో మోకాళ్ళ నొప్పులని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బండి గట్టుమీద పెట్టి కిందికి దిగాం. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. అడుగుకి చేరాక, డబ్బా ఇక్కడేనని ఫోన్ చూపించింది. గంటసేపు ప్రతి రాయీ ఎత్తి చూశాం. ఏమీ లేదు. నడుం పట్టుకుని తల పైకెత్తా. మా నెత్తిన నిట్టనిలువుగా కొండ, దాని అంచున మా బండి. ఫోన్‌కేం తెలుసు ఎత్తూపల్లం!

ఆయాసపడతా మళ్ళీ పైకెక్కాం. డబ్బా బండి పక్కనే రాళ్ళ సందులో ఉంది. ఏదన్నా రాయమని అల్లుడు పెన్ను నా చేతికిచ్చాడు. ఒళ్ళుమండి, "కిందికి దిగమాకండి, డబ్బా పైనే ఉంది" అని పెద్దక్షరాలతో రాశా.

అతను చదివి నవ్వాడు. "డబ్బా దొరికినవాళ్ళే కదా మావయ్యా, ఇది చదివేది?"

అల్లుడు గాబట్టి ఊరుకున్నా.