సైరన్ నిలబడిన మెట్టు

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మా పొద్దంతా బొగ్గుగని సైరన్ చెప్పినట్టే నడిచేది. అది కూయగానే మా బాపు డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయేవాడు, మళ్లీ కూశాక నల్లటి ముఖంతో వచ్చేవాడు. ఒక ఎండాకాలం మా అవ్వ జ్వరంతో చనిపోయింది. కన్నతల్లిని మేం అవ్వ అనేవాళ్లం. ఆ తర్వాత కూడా సైరన్ వేళకే కూసింది, బాపు వేళకే పోయివచ్చాడు. నాతో మాత్రం మాట్లాడటం మానేశాడు. కంచంలో అన్నం పెట్టేవాడు, జడ వేయడం రాక నా జుట్టుకి రబ్బరు చుట్టేవాడు, అంతే.

నాకు ఏడుపు రాలేదు. "గీ పోరిది గుండెనా, బండనా? ఒక్క చుక్క నీళ్లు రాలే సూడు" అని చుట్టాలు నా ముందే అన్నారు. అలా అన్నా నాకు కోపం కూడా రాలేదు. నిద్రలో చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కితే అది మనది కానట్టు ఉంటుందే, నాకు ఒళ్లంతా అలాగే ఉండేది.

పక్క క్వార్టర్‌లో ఉండే చాచా కూడా గని కార్మికుడే. ఖవ్వాలీకైనా, మా వాడ భజనకైనా హార్మోనియం ఆయనదే. అవ్వ ఉన్నప్పుడే నాకు ఒక భజన పాట నేర్పించాడు. నేర్చుకోవడమంటే నాకు తెలిసిందల్లా హార్మోనియం మెట్ల మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకుని వరసగా నొక్కుకుంటూ పోవడమే. పాడేవాళ్లు గొంతు కాస్త పైకెత్తితే చాలు, పాటదొక దారి, నాదొక దారి.

అవ్వ పోయిన కొద్దిరోజులకి చాచా నన్ను పిలిచి హార్మోనియం పెట్టె ముందు కూర్చోబెట్టి, ఆ గుర్తులన్నీ తడిబట్టతో తుడిచేశాడు. పైగా మెట్ల మీద తువ్వాల కప్పాడు.

"జర సేపట్ల సైరన్ కూస్తది. పైకి పోయి ఒక్కకాడ నిలబడ్తది గదా, గా సురం దొర్కవట్టు బేటీ" అన్నాడు.

సైరన్ ఆగిపోయాక కూడా దాన్ని చెవిలో ఉంచుకుని, తువ్వాల కింద వేళ్లతో తడుముకుంటూ వెతికాను. దొరికింది. అది వదలకుండా, తోడుగా ఇంకో మెట్టు నొక్కమన్నాడు. ఒకటి దాని పక్కన హాయిగా కూర్చుంది. ఇంకొకటి పళ్లు జివ్వుమనేలా కొట్లాడింది.

"కొట్లాడితే ఫికర్ జెయ్యకు. పక్కకు జరుగు, జాగ దొర్కుతది."

రోజూ ఇదే పని. ఇష్టంగా పోయేదాన్నని చెప్పను. వింటున్నంతసేపూ ఇంకేదీ తలచుకోనక్కర్లేదు, అందుకని పోయేదాన్ని.

నెలమాసికం నాడు మా ఇంట్లో భజన పెట్టారు. చాచా నన్నే పెట్టె ముందు కూర్చోబెట్టాడు. రెండు మూడు పాటలయ్యాక, గోడకి ఆనుకుని ఉన్న బాపు ఎవరూ అడగకుండానే ఒక బతుకమ్మ పాట ఎత్తుకున్నాడు. అవ్వ బియ్యం చెరుగుతూ పాడుకునే పాట. బాపు పాడగా నేనెప్పుడూ వినలేదు, ఆ పాట ఎప్పుడూ వాయించనూ లేదు. తాళాలు కొట్టేవాళ్లు బిత్తరపోయి ఆపేశారు. నేను తప్పు సురం పట్టుకుంటే బాపు ఆగిపోతాడని, ఆగిపోతే ఇంక ఎన్నటికీ నోరు విప్పడని భయం వేసింది. అవ్వ పోయాక నా మనసుకి ఏదైనా తగలడం అదే మొదటిసారి.

కళ్లు మూసుకుని, బాపు గొంతు నిలబడిన చోటు వెతికి పట్టుకున్నాను. సగం చరణంలో పాట ఆగింది. నేను తిత్తి ఊదడం ఆపలేదు. ఆయన వదిలిన సురాన్నే పట్టుకుని, దానితో కూర్చునేవి ఒక్కొక్కటే కలుపుతూ, అవ్వ పాటలో లేని ముక్క ఏదో వాయిస్తూ ఆయన కోసం కాచుకున్నాను. మధ్యలో కొట్లాడే మెట్టు తగిలింది. పక్కకు జరిగాను. బాపు ఊపిరి పీల్చుకుని, ఆ సురం మీదికే తిరిగి వచ్చి పాట ముగించాడు.

"బిడ్డా, నడుమల వాయించినవ్ గదా, గది మల్లొకపారి వాయించు" అన్నాడు.

నెల తర్వాత బాపు నాతో అన్న మొదటి మాట అది. వాయించబోతే వేళ్లకి గుర్తు రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడొచ్చింది ఏడుపు, బాపు ఒడిలో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ గని ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఎవరింటికి పరామర్శకు వెళ్లినా ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. ముందు వాళ్ల గొంతు ఎక్కడ నిలబడిందో వింటాను. మాట మధ్యలో ఆగిపోతే, వాళ్లు తిరిగి అందుకునేదాకా లేచి రాను.