పాత నంబరుకు వచ్చిన పాఠాలు

దూరవిద్యలో నా డిగ్రీ చదువు మొదట తపాలాలో వచ్చింది. తెనాలిలో మా ఇంటికి పోస్ట్‌మాన్ పాఠాల కట్ట తెచ్చేవాడు. రేడియోలో పాఠం ఉన్న రోజు బట్టల కొట్టులో నా పని పక్కవాడికి అప్పగించి వినేవాణ్ణి. ఆదివారం బాపట్ల స్టడీ సెంటరుకు వెళితే అక్కడ పాఠాల క్యాసెట్లు పెట్టేవారు. అర్థం కానిదంతా గ్రంథాలయంలో వెతుక్కున్నాను. చివరికి ఆర్థికశాస్త్రం పరీక్ష ఒక్కటే మిగిలిపోయింది. ఏళ్లు గడిచి పాఠాలు ఫోన్లోకి మారాయి. ఇన్ని పుస్తకాలుండగా ఫోనెందుకన్న గర్వంతో రీఛార్జి మానేసి, యూనివర్సిటీ వాళ్ల దగ్గర రాయించిన నంబరు పోగొట్టుకున్నాను.

ఈమధ్య ఒక ఉదయం గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే ప్రకటన కనబడింది. పాత విద్యార్థులు మిగిలిన పరీక్షలు రాయడానికి ఇదే ఆఖరి అవకాశం. దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు. నెట్ సెంటరుకు పరిగెత్తాను. ఓటీపీ పాత నంబరుకే పోతుందన్నారు. నంబరు మార్చాలన్నా ఆ ఓటీపీయే కావాలట.

ఇప్పుడున్న నా ఫోన్ నుంచి ఆ నంబరుకు చేస్తే ఒకామె ఎత్తింది. నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే పని ఆమెది.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని టీవీలో చెప్తన్నారండి."

"నిజమేనమ్మా. కానీ నా పరీక్ష పోద్ది."

"మొన్నొకాయన లాటరీ తగిలిందన్నాడు. మీరు పరీక్ష అంటన్నారు. మనిషిని చూస్తేగానీ చెప్పను. రండి."

రేపల్లె బస్సెక్కాను. అక్కడ ఇంకో బస్సు కోసం నిలబడినంతసేపూ టైము చూసుకోవడానికే భయమేసింది. చేపలు ఆరబోసిన చోటికి చేరేసరికి అయిదుకు పావుగంట ఉంది. నా పాత గుర్తింపు కార్డు ఆమె చేతిలో పెట్టాను.

"ఫొటోలో జుట్టుందే."

"ఉండేదమ్మా."

"ముక్కు అదేలెండి" అని ఫోన్ ఇచ్చింది.

అందులో యూనివర్సిటీ పంపిన మెసేజీలన్నీ ఉన్నాయి. తరగతుల వేళలు, పాఠాలు, పరీక్ష తేదీలు. నాకు ఎవరూ చెప్పలేదని ఇన్నాళ్లూ తిట్టుకున్నవన్నీ.

"ఇంగ్లీషులో ఉన్నాయి, బ్యాంకువేమో అనుకున్నా. భయపడి తీసెయ్యలేదు" అంది.

నా ఫోన్లో దరఖాస్తు తెరిచి, ఆమె ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఎండ పడకుండా ఆమె పైట అడ్డం పెట్టింది. మళ్లీ కొట్టాను. దరఖాస్తు గడువు ముగిసిందని వచ్చింది.

అక్కడే ఇసుకలో కూలబడ్డాను. ఇక అడగడానికి ఎవరూ లేరు.

ఆమె ఫోన్ చూపిస్తూ అడిగింది: "ఇవి తీసెయ్యనా, ఉంచనా అన్నయ్యగారూ?"

ఉంచమన్నాను. బస్సు వచ్చేదాకా ఆ ఫోన్ అడిగి తీసుకుని, మొదటి పాఠం నుంచి చదివాను.